హైబ్రిడ్ నుంచి రోడ్ సైకిల్‌కి: డబ్బు కట్టే ముందు చేయాల్సిన పనులు

"అన్నా, హైబ్రిడ్ అమ్మేసి రోడ్ సైకిల్ తీసుకుందామనుకుంటున్నా. ఏది తీసుకోమంటావ్?" ఆదివారం పొద్దున గండిపేట వైపు తొక్కి వచ్చి టీ తాగుతుంటే ఈ ప్రశ్న వినని వారం ఉండదు. హైబ్రిడ్ అంటే తిన్నటి హ్యాండిల్ ఉన్న సైకిల్, రోడ్ సైకిల్ అంటే కిందికి వంగిన డ్రాప్ హ్యాండిల్, సన్నటి టైర్లు ఉన్నది. అడిగేవాళ్లలో చాలామంది ఆర్నెల్లో ఏడాదో హైబ్రిడ్ తొక్కినవాళ్లే. 40, 50 కి.మీ. వాళ్లకు అలవాటైపోయింది. గుంపులో మాత్రం వెనకబడిపోతున్నారు. కొందరికి 200 కి.మీ. బ్రెవే (గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు రైడ్) మీద మనసు పడింది, దాన్ని 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చేయాలి. విడివిడిగా అందరికీ చెప్పేదాన్నే ఇక్కడ ఒక వరుసలో రాస్తున్నాను.

ముందు సైజు చూడాలి. తర్వాత గేర్లు, ఆ తర్వాత టైర్లకు చోటు. ఫ్రేము కార్బనా, అల్యూమినియమా, ఏ కంపెనీ, ఏ రంగు అన్నవి వీటి తర్వాతే. షాపులో అడుగుపెట్టగానే ఈ వరుస తలకిందులవుతుంది. నాకు అలాగే జరిగింది. నాకు సరిపోయేది 54 సైజు ఫ్రేము. షాపులో 54 లేదు, 56 మీద మాత్రం మంచి తగ్గింపు ఉంది. "స్టెమ్ మారిస్తే సరిపోద్ది సార్" అన్నారు, నమ్మాను. (స్టెమ్ అంటే హ్యాండిల్‌ను ఫ్రేముకి కలిపే ముక్క.) నాలుగు నెలలు ప్రతి రైడ్‌లోనూ గంట దాటేసరికి కుడిచేతి చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కేవి. రాత్రి భోజనం దగ్గర ముద్ద కలుపుతుంటే కూడా వేళ్లు సరిగ్గా పట్టేవి కావు. స్టెమ్ మార్చాను, సీటు ముందుకు జరిపాను, అయినా తగ్గలేదు. చివరికి నష్టానికి అమ్మేసి 54 తీసుకున్నాక రెండు వారాల్లో తిమ్మిరి పోయింది. మీకు ఆ నాలుగు నెలలు మిగలాలనే ఇంత వివరంగా రాస్తున్నాను.

కావలసినవి

- అంగుళాలు, సెంటీమీటర్లు రెండూ ఉన్న టేపు
- గట్టి అట్ట ఉన్న పుస్తకం, పెన్సిల్
- 4, 5, 6 మి.మీ. అలెన్ కీలు
- వీడియో తీయడానికి ఫోన్, తీసిపెట్టడానికి ఒక మనిషి
- మీరు రోజూ తొక్కే బట్టలు, బూట్లు (జీన్సు, చెప్పులతో టెస్ట్ రైడ్‌కి వెళ్లొద్దు)
- ఇప్పుడు తొక్కుతున్న సైకిల్. దీన్ని అప్పుడే అమ్మకండి, పోల్చి చూడటానికి కావాలి.

1. మీ రోడ్డు రాసుకోండి

గత పది రైడ్లు ఫోన్‌లో తెరిచి చూడండి. ఎంత దూరం, ఎంత ఎత్తు ఎక్కారు, రోడ్డు ఎలా ఉంది, ఈ మూడూ కాగితం మీద పెట్టండి. మనం ఊహించుకునే రైడ్లు వేరు, నిజంగా చేసేవి వేరు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్‌లో మొదలైన 23 కి.మీ. సోలార్ కప్పు ట్రాక్ మీద ఏ సైకిలైనా హాయిగానే ఉంటుంది. మీ ఇంటి నుంచి ఆ ట్రాక్ దాకా ఉన్న గతుకులు, స్పీడ్ బ్రేకర్లు కూడా లెక్కలోకి రావాలి. విశాఖలో బీచ్ రోడ్డు మీద భీమిలి వైపు తొక్కేవారికి ఎదురుగాలి ముఖ్యం. వికారాబాద్ దాటి అనంతగిరి కొండలకో, అరకు ఘాట్‌కో వెళ్లేవారికి చిన్న గేరు ముఖ్యం.

పది రైడ్లలో ఏడెనిమిది సిటీలోనే, అదీ 25 కి.మీ. లోపే అయితే కాస్త ఆగండి. ఉన్న హైబ్రిడ్‌కి 32 మి.మీ. నున్నటి మంచి టైర్లు వేయించి నెల రోజులు తొక్కండి. ఖర్చు కొన్ని వేలల్లో పోతుంది, వేగంలో తేడా మాత్రం బాగా తెలుస్తుంది. ఆ తర్వాత కూడా రోడ్ సైకిల్ కావాలనిపిస్తే అప్పుడు నిశ్చింతగా కొనండి.

2. కాలి కొలత తీసుకోండి

చెప్పులు లేకుండా గోడకు ఆనుకుని నిలబడండి. పాదాల మధ్య ఒక జానెడు దూరం చాలు. పుస్తకాన్ని కాళ్ల మధ్య పెట్టి, దాని అంచు గోడకు తగిలేలా పట్టుకుని, సీటు మీద కూర్చున్నంత ఒత్తిడితో పైకి నొక్కండి. పుస్తకం పై అంచు దగ్గర గోడ మీద గీత పెట్టించండి. నేల నుంచి ఆ గీత వరకు కొలవండి. మూడుసార్లు చేసి మధ్య అంకె తీసుకోండి.

ఎక్కువమంది చేసే తప్పు, ప్యాంటు సైజు అంకెనే రాసేసుకోవడం. ప్యాంటు కొలతకీ దీనికీ కొన్ని సెంటీమీటర్ల తేడా వస్తుంది.

ఈ అంకెను 0.883తో గుణిస్తే పెడల్ ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం వరకు ఉండాల్సిన ఎత్తు సుమారుగా వస్తుంది. పెడల్ ఇరుసు అంటే క్రాంకులు (పెడల్స్ ఉండే కడ్డీలు) రెండూ బిగించి ఉండే మధ్య చోటు. మీ కొలత 78 సెం.మీ. అయితే సీటు ఎత్తు దాదాపు 69 సెం.మీ. టెస్ట్ రైడ్‌లో మొదలుపెట్టడానికి ఇది చాలు, తర్వాత అర సెంటీమీటరు అటూ ఇటూ మారుతుంది.

3. సైజు చార్టులో రెండు అంకెలే చూడండి

కంపెనీల సైజు చార్టులో 52, 54, ఎం, ఎల్ అని ఉంటాయి. ఒక కంపెనీ 54 ఇంకో కంపెనీ 54 ఒకటి కావు. వాటి బదులు స్టాక్, రీచ్ అనే రెండు అంకెలు చూడండి. పెడల్ ఇరుసు నుంచి హ్యాండిల్ బిగించే గొట్టం పైభాగం ఎంత ఎత్తులో ఉందో స్టాక్ చెబుతుంది, ఎంత ముందుకు ఉందో రీచ్ చెబుతుంది.

స్టాక్‌ను రీచ్‌తో భాగించండి. 1.5 చుట్టుపక్కల గానీ ఆ పైన గానీ వస్తే ఒళ్లు కాస్త నిటారుగా ఉండే సైకిల్. దీన్ని ఎండ్యూరెన్స్ రకం అంటారు. 1.4 దగ్గర వస్తే బాగా వంగి తొక్కే రేస్ రకం. ఉదాహరణకు స్టాక్ 565, రీచ్ 378 ఉంటే 1.49 వస్తుంది. రోజంతా ఆఫీసులో కూర్చుని, వారాంతం రెండు రోజులూ తొక్కేవాళ్లకు నేను ఎప్పుడూ ఎండ్యూరెన్స్ రకమే చెబుతాను. నడుము అలవాటుపడ్డాక హ్యాండిల్ కింద ఉన్న స్పేసర్లు (ఎత్తు పెంచే రింగులు) తీసి కిందికి దించుకోవచ్చు. రేస్ ఫ్రేమును అలా పైకి లేపడం కష్టం.

రెండు సైజుల మధ్య పడితే? చాలావరకు చిన్నదే మేలు. ఉన్నదానికంటే 10 మి.మీ. ఎక్కువ పొడవున్న స్టెమ్ వేస్తే చిన్న ఫ్రేము సర్దుకుంటుంది. పెద్ద ఫ్రేముకి పొట్టి స్టెమ్ వేస్తూ పోతే ఒక హద్దు దాటాక హ్యాండిల్ తిరిగే తీరు పాడవుతుంది. కాళ్లు పొట్టిగా, నడుము పొడవుగా ఉన్నవారు మాత్రం రెండూ తొక్కి చూసి తేల్చుకోవాలి.

4. అతి చిన్న గేరు లెక్క వేయండి

కొత్తవాళ్లందరూ పెద్ద గేరు గురించి అడుగుతారు. 50 పళ్ల ముందు చక్రం, 11 పళ్ల వెనక చక్రం ఉంటే దిగుడులో తప్ప వాడే పని పడదు. చూడాల్సింది చిన్న గేరు: ముందు ఉన్న చిన్న చక్రం పళ్లను వెనక ఉన్న పెద్ద చక్రం పళ్లతో భాగించండి.

34, 28 ఉంటే 1.21. నిమిషానికి 60 సార్లు తొక్కితే గంటకు సుమారు 9 కి.మీ. వేగం వస్తుంది. 34, 34 ఉంటే 1.00, అదే తొక్కుడుకి గంటకు 7.5 కి.మీ. తేడా చిన్నగానే కనిపిస్తుంది కదా. ఘాట్‌లో ఒక నిటారు మలుపు దగ్గర గంటకు 8 కి.మీ. మించి వెళ్లే శక్తి కాళ్లలో లేనప్పుడు, మొదటి సైకిల్ మీద తొక్కుడు నిమిషానికి 50కి పడిపోయి మోకాలి మీద బరువు పడుతుంది. రెండో సైకిల్ మీద అదే మలుపు కూర్చునే ఎక్కుతారు.

కొండలు మీ రైడ్లలో ఉంటే 1.1 లేదా అంతకంటే తక్కువ చూసుకోండి. నచ్చిన సైకిల్‌లో వెనక 28 ఉంటే, పెద్ద క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) వేస్తే వెనక డిరైలర్ (చైన్‌ను ఒక గేరు నుంచి ఇంకోదానికి జరిపే భాగం) తట్టుకుంటుందా అని డబ్బు కట్టకముందే అడిగి, కొనేటప్పుడే మార్పించుకోండి.

హెచ్చరిక: డ్రాప్ హ్యాండిల్, సన్నటి టైర్లు పెట్టి చాలా తక్కువ ధరకు అమ్మే 7 గేర్ల సైకిళ్లు కొన్ని ఉన్నాయి. వాటిలో వెనక క్యాసెట్ కాకుండా మర బిగించే పాత రకం ఫ్రీవీల్ ఉంటుంది, వెనక చక్రం ఇరుసు వంగే ప్రమాదం ఎక్కువ. మెరుగైన భాగాలు వేద్దామన్నా వీలు కాదు. చూడటానికి రోడ్ సైకిలే, కానీ మీ హైబ్రిడ్ దానికంటే మంచిదై ఉండొచ్చు.

5. టైరుకి ఎంత చోటుందో చూడండి

కనీసం 28 మి.మీ., వీలైతే 32 పట్టాలి. సన్న టైరు వేగంగా పోతుందన్న నమ్మకం పాతబడింది. రాళ్లు పరిచిన దారుల మీద సాగే పారిస్-రూబే రేసులో ఇప్పుడు పెద్ద పెద్ద రైడర్లే 30 దాటిన టైర్లు వాడుతున్నారు. మన గతుకుల మీద 23, 25 టైర్లతో ఒళ్లు హూనం కావడం తప్ప లాభం లేదు.

చూసే పద్ధతి: టైరుకీ ఫ్రేముకీ మధ్య అన్నిటికంటే ఇరుకైన చోట 4 మి.మీ. అలెన్ కీ దూర్చండి. ఆనకుండా వెళ్లాలి. ముందు ఫోర్కు దగ్గర, వెనక సీటు కింద, పెడల్ ఇరుసు వెనక, ఈ మూడు చోట్లా చూడండి. 28 టైరుతోనే కీ పట్టకపోతే 32 మాట మరిచిపోవచ్చు.

బ్రేకుల విషయం త్వరగా ముగిస్తాను. వానలో తొక్కితే, ఘాట్లు దిగితే డిస్క్ తీసుకోండి. హైడ్రాలిక్ డిస్క్ వేలితో నొక్కితే ఆగుతుంది, చేతులు అలసిపోవు. అయితే ఆయిల్ మార్చగల మెకానిక్ మీ ఊళ్లో ఉన్నారో లేదో ముందే కనుక్కోండి. లేకపోతే తీగతో పనిచేసే మెకానికల్ డిస్క్ నయం. సగం ధరకు మంచి సెకండ్ హ్యాండ్ రిమ్ బ్రేకు (చక్రం అంచును పట్టి ఆపే బ్రేకు) సైకిల్ దొరికితే, మీరు ఎక్కువగా మైదానంలోనే తొక్కుతుంటే, అదీ తప్పేం కాదు.

6. ఫ్రేము, గేర్ల సెట్టు

13 కిలోల హైబ్రిడ్ నుంచి 10 కిలోల రోడ్ సైకిల్‌కి మారారనుకుందాం. మీతో, నీళ్లతో కలిపి మొత్తం బరువు 88 నుంచి 85 అవుతుంది. అంటే మూడున్నర శాతం లోపే. అరగంట పట్టే ఎక్కుడులో దాదాపు ఒక నిమిషం కలిసొస్తుంది. సమతల రోడ్డు మీద ఆ తేడా దాదాపు తెలియదు. అక్కడ వేగం పెరిగేది ఒళ్లు వంగి గాలికి తక్కువ అడ్డు తగలడం వల్ల, మంచి టైర్ల వల్ల. కాబట్టి మొదటి రోడ్ సైకిల్‌కి కార్బన్ ఫోర్కు ఉన్న అల్యూమినియం ఫ్రేము చక్కగా సరిపోతుంది. కార్బన్ ఫ్రేముకి పెట్టే అదనపు డబ్బు మంచి టైర్లకు, ఫిట్టింగ్‌కి (సైకిల్‌ను మీ ఒంటి కొలతలకు సర్దించడానికి) పెట్టండి.

షిమానో కంపెనీ గేర్ల సెట్లలో కింది నుంచి పైకి క్లారిస్ 8, సోరా 9, టియాగ్రా 10 గేర్లవి. ఆ పైన '105' అనే సెట్టు, అందులో పాతది 11 గేర్లది, కొత్తది 12 గేర్లది. కింది మూడింటి స్థానంలోకి క్యూస్ అనే కొత్త వరుస వస్తోంది. దాని భాగాలు పాతవాటితో కలవవు కాబట్టి తర్వాత మార్చుకుందాం అనుకునేవారు గమనించండి. సోరా గానీ టియాగ్రా గానీ ఉంటే ఏళ్ల తరబడి హాయిగా తొక్కొచ్చు. క్లారిస్ కూడా బాగానే పనిచేస్తుంది, గేర్ల మధ్య ఎడం మాత్రం తెలుస్తుంది.

7. బడ్జెట్‌లో కొంత పక్కన పెట్టండి

మీ దగ్గరున్న మొత్తంలో 15 శాతం సైకిల్‌కి కాకుండా మిగతావాటికి తీసిపెట్టండి. ముందూ వెనకా లైట్లు, రెండు స్పేర్ ట్యూబులు, టైరు ఊడదీసే లివర్లు, చిన్న పంపు, ఇంట్లోకి మీటరున్న నిలువు పంపు, నీళ్ల బాటిల్ పెట్టే స్టాండ్లు కావాలి. హెల్మెట్ పాతదై దెబ్బ తగిలి ఉంటే కొత్తది కొనాలి. చాలా రోడ్ సైకిళ్లు పెడల్స్ లేకుండా వస్తాయి, అదీ అడగండి.

ఒక చిన్న వస్తువు మాత్రం తప్పకుండా కొనండి. రోడ్ సైకిల్ ట్యూబుకి ఉండే సన్నటి ప్రెస్టా వాల్వుకి రోడ్డు పక్క పంక్చర్ షాపు పంపు పట్టదు. వేలి గోరంత ఉండే ఇత్తడి అడాప్టర్ ఒకటి దొరుకుతుంది, ఖరీదు చాలా తక్కువ. దాన్ని వాల్వుకే తొడిగి ఉంచుకోండి. శంకర్‌పల్లి దాటాక ఒకసారి నా పంపు పనిచేయలేదు. పంక్చర్ అతను గాలి గొట్టం పట్టుకుని సిద్ధంగా ఉన్నా అడాప్టర్ లేక, ఎండలో సైకిల్ నడిపించుకుంటూ చాలా దూరం వచ్చాను.

8. టెస్ట్ రైడ్: కనీసం 20 నిమిషాలు

షాపు ముందు రెండు చుట్లు తిరగడం టెస్ట్ రైడ్ కాదు. ముందు సీటు ఎత్తు మీ అంకెకు పెట్టించండి, టైర్లలో గాలి సరిచేయించండి. తర్వాత ఇవి చూడండి.

మడమ పెడల్ మీద పెట్టి కింది వరకు తొక్కండి. అక్కడ కాలు దాదాపు నిటారు కావాలి, నడుము పక్కకు జారకూడదు. మామూలుగా పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కాస్త వంగే ఉంటుంది.

బ్రేకు హుడ్స్ (బ్రేకు లివర్ల పైన చేతులు ఆనించే రబ్బరు పిడులు) మీద చేతులు పెట్టి తొక్కండి. మోచేతులు కాస్త వంగి వదులుగా ఉండాలి. బిగుసుకుని తిన్నగా ఉన్నాయంటే హ్యాండిల్ దూరంగా ఉన్నట్టే.

సైకిల్‌ను ట్రైనర్ (కదలకుండా నిలబెట్టి తొక్కే స్టాండు) మీద పెట్టించి, పక్క నుంచి వీడియో తీయమనండి. తొక్కుతూ చేతులు హుడ్స్ మీద నుంచి రెండు అంగుళాలు పైకి లేపండి. ఒళ్లు అలాగే నిలబడితే బాగుంది. ముందుకు కూలబడితే బరువంతా అరచేతుల మీద పడుతోందన్నమాట, నాకు తిమ్మిరి తెప్పించింది ఇదే. రోడ్డు మీద ఈ ప్రయోగం చేయొద్దు.

హ్యాండిల్ కింది వంపు పట్టుకుని బ్రేకు నొక్కండి. చెయ్యి చిన్నదైతే లివర్ అందకపోవచ్చు. చాలా లివర్లను స్క్రూతో దగ్గరకు జరపొచ్చు, షాపులోనే చేయించండి.

టెస్ట్ రైడ్ ఇవ్వని చోట కొనకండి. ఆన్‌లైన్‌లో ఎంత తగ్గింపు ఉన్నా, అదే మోడల్ అదే సైజు ముందు ఎక్కడో ఒకచోట ఎక్కి చూశాకే ఆర్డర్ పెట్టండి. తెలిసినవారి సైకిల్ ఎత్తు సరిచేసుకుని తొక్కినా చాలు.

9. సెకండ్ హ్యాండ్ అయితే

మంచి సైకిల్ తక్కువలో దొరికే దారి ఇదే. రెండు రైడ్లు చేసి బాల్కనీలో పెట్టేసినవి చాలా ఉంటాయి. పగటి వెలుగులో, సైకిల్ తుడిపించి చూడండి.

చైన్: టేపు సున్నాను ఒక పిన్ను మధ్యలో పెట్టి, దాని తర్వాత 24వ పిన్ను వరకు కొలవండి. కొత్తదైతే సరిగ్గా 12 అంగుళాలు. అంగుళంలో 16వ వంతు పెరిగితే చైన్ మార్చాలి. 8వ వంతు పెరిగితే క్యాసెట్ కూడా అరిగినట్టే, ఆ ఖర్చు బేరంలో తగ్గించి అడగండి.

ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి, హ్యాండిల్ గొట్టం దగ్గర టక్ టక్ అంటే బేరింగ్ వదులు. క్రాంకులను పక్కలకు ఊపండి. చక్రాలు తిప్పి, రిమ్ (చక్రం అంచు) పక్కలకు ఊగుతోందేమో చూడండి. రిమ్ బ్రేకు సైకిల్ అయితే రిమ్ మీద వేలితో తడిమి చూడండి, లోపలికి గుంట పడి ఉంటే అరిగిపోయినట్టు.

సీటు గొట్టం వదులు చేసి పైకీ కిందికీ కదిలించమనండి. ఇది చాలామంది మర్చిపోతారు. సముద్రం పక్క ఊళ్లలో తిరిగిన సైకిల్‌లో ఉప్పుగాలికి అది ఫ్రేముకి పట్టేసి ఉంటే మీ ఎత్తుకు మార్చుకునే దారే ఉండదు.

అతుకుల దగ్గర, పెడల్ ఇరుసు చుట్టూ, కింది గొట్టం అడుగున వెంట్రుకలాంటి గీతలున్నాయేమో వెతకండి. కార్బన్ ఫ్రేమైతే తెలిసినవారు పక్కన లేకుండా కొనకండి. పెడల్ ఇరుసు అడుగున ఉన్న సీరియల్ నంబరు, బిల్లు రెండూ సరిపోవాలి. బిల్లు లేని సైకిల్ ఎంత చౌకైనా వద్దు, అది ఎవరో పోగొట్టుకున్నది కావచ్చు.

10. ఇంటికి తెచ్చాక

గాలి: 70 కిలోల మనిషికి 28 టైరులో 65 నుంచి 75 పీఎస్ఐ, 32లో 50 నుంచి 60 చాలు. టైరు మీద రాసిన గరిష్ఠ అంకె వరకు కొట్టించొద్దు. వాల్వు చివర చిన్న నాబ్ వదులు చేశాకే గాలి ఎక్కుతుంది. పెడల్స్ మీరే బిగిస్తే ఎడమది వ్యతిరేక దిశలో తిరుగుతుందని గుర్తుంచుకోండి. బలవంతంగా తిప్పితే క్రాంకు మర పోతుంది.

మొదటి 100, 150 కి.మీ. తర్వాత కేబుళ్లు సాగి గేర్లు సరిగ్గా పడవు. అది సైకిల్ లోపం కాదు, షాపుకి తీసుకెళ్లి సరిచేయించుకోండి, స్పోకుల బిగువు కూడా చూడమనండి.

సరైన సైకిలే కొన్నారా అని తెలుసుకోవడానికి, మీకు బాగా తెలిసిన 30 కి.మీ. దారిని ఒక వారం పాత సైకిల్ మీద, మరుసటి వారం అదే సమయానికి కొత్తదాని మీద తొక్కండి. వేగం కంటే ముందు ఒంటిని చూడండి. మోకాలి ముందు భాగం నొప్పి అయితే సీటు కిందికి ఉండొచ్చు, వెనక భాగం లాగితే పైకి ఉండొచ్చు. మెడ, భుజాలు పట్టేస్తే హ్యాండిల్ దూరమో, మరీ కిందికో ఉంది. ఏది మార్చినా ఒకటే మార్చండి, 5 మి.మీ. మించి జరపకండి. పాత చోట సీటు గొట్టానికి టేపు ముక్క అతికించి, రెండు రైడ్లు అయ్యాకే తర్వాతి మార్పు చేయండి. నాలుగు వారాలైనా తిమ్మిరి గానీ నొప్పి గానీ తగ్గకపోతే బైక్ ఫిట్ చేసేవారి దగ్గరకు వెళ్లండి, పాత సైకిల్ కొలతలు కూడా రాసుకుని తీసుకెళ్లండి.